ముప్పై ఆరు పచ్చదీపాలు

పోయిన వారం సైరనమ్మను హెచ్చరిక కేంద్రం రెండో అంతస్తులో, మూసి ఉన్న తలుపు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. తలుపుకు అవతల డైరెక్టరు గారు పౌర రక్షణ కమిటీ వాళ్ళకు కాఫీలు ఇప్పిస్తున్నారు. ఇవతల బెంచీ మీద ఆమె మామగారు పనిముట్ల సంచి ఒళ్ళో పెట్టుకుని గోడగడియారం వంక చూస్తున్నారు. పది దాటి ఐదు నిమిషాలయింది. పదకొండు కొట్టగానే దేశమంతటా ఒకేసారి విపత్తు డ్రిల్ మొదలు కావాలి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సైరనమ్మ అనేది ఆఫీసులో పెట్టిన వెక్కిరింత పేరు, ఇప్పుడు ఇంట్లోనూ అదే ఖాయమైపోయింది. ఆమె హెచ్చరిక విభాగంలో ఇంజనీరు. తొమ్మిదేళ్ళ కిందట ఏరు పొంగి లోయలోని ఊళ్ళను ఊడ్చుకుపోయినప్పుడు ముందుగా ఒక్క మాట చెప్పే దిక్కు లేకపోయింది. ఆ తర్వాతే, రెండేళ్ళ కిందట, ఈ కేంద్రం వచ్చింది. ఎగువన కొండల అంచున ఉన్న మొదటి ఊరు నుంచి ఈ నగరం దాకా ఏటి పొడవునా ముప్పై ఆరు సైరన్లు వచ్చాయి. కేంద్రంలో గోడంత బోర్డు మీద ముప్పై ఆరు పచ్చదీపాలు రోజూ నిండుగా వెలుగుతున్నాయి. అయితే నిన్న సాయంత్రం, వీధి చివరి స్తంభం మీద కందిరీగల తుట్టె తీయడానికి ఎక్కిన మామగారు పనిలో పనిగా సైరన్ పెట్టె తెరిచి చూశారు. చూసి, ఏదో తీసి సంచిలో వేసుకుని కిందికి దిగారు. అదే నిమిషంలో ఇక్కడి బోర్డు మీద ఆ సైరన్ దీపం పచ్చగానే ఉంది.

సైరనమ్మ తలుపు తట్టింది. జవాబు కోసం ఆగకుండా తోసింది.

"ఇప్పుడు కాదమ్మా," అన్నారు డైరెక్టరు గారు, కప్పు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉంచి. "పదకొండున్నర తర్వాత మాట్లాడదాం."

"పదకొండున్నర తర్వాత చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే సార్."

గదిలో కమిటీ సభ్యులు ముగ్గురున్నారు. ఇద్దరు మగవాళ్ళు ఫైళ్ళలో తల దూర్చుకున్నారు. మూడో ఆమె కమిటీ అధ్యక్షురాలు. ఒకప్పుడు బడిలో ప్రధానోపాధ్యాయురాలు, ఆ తర్వాత ప్రజాప్రతినిధి. పదవులు ఎన్ని మారినా అందరూ పంతులమ్మ గారనే అంటారు. దేశం మొత్తానికి పౌర రక్షణ చట్టం రాస్తున్నది ఆవిడే. దేశంలో ఇప్పటికే ఉన్న కొద్ది కేంద్రాలు చాలవని, ఈ కేంద్రాన్ని నమూనాగా తీసుకుని మిగతా లోయల్లో, తీరాల్లో, గనుల దగ్గర ఇలాంటివే కట్టమని సాయంత్రం సిఫారసు చేయబోతున్నది కూడా ఆవిడే.

"ఎవరండీ ఈ అమ్మాయి?"

"మా ఇంజనీరు అండి. పనిమంతురాలే. కాస్త తొందరెక్కువ."

"తొందర మంచిదే. గంట కూడా లేదు టైము. చెప్పమ్మా."

సైరనమ్మ గోడ మీది బోర్డు చూపించింది. "ఆ దీపం వెలిగిందంటే మనం పంపిన సంకేతం సైరన్ పెట్టెకు అందిందని అర్థం మేడమ్. అంతవరకే. పెట్టె దాన్ని బూరకు అందించిందో లేదో, బూర మోగిందో లేదో ఆ దీపానికి తెలీదు. రెండేళ్ళుగా మనం చేసేవన్నీ మౌన పరీక్షలే. సంకేతం వెళ్తుంది, దీపం వెలుగుతుంది, చప్పుడు మాత్రం రాదు. ఇవాళ డ్రిల్ కూడా అలాగే పెట్టారు."

"ఉత్తరం డబ్బాలో పడిందని తెలుసు. చదివారో లేదో తెలీదు. అంతేనా?"

"అంతే మేడమ్. మా వీధి డబ్బాలో ఉత్తరం పడుతూనే ఉంది. ఇంట్లో చదివే మనిషే లేడు."

డైరెక్టరు గారు కప్పు కింద పెట్టారు. చెడ్డమనిషి కాదాయన. ఆమెను ఉద్యోగంలోకి తీసుకున్నదీ ఆయనే, పని నేర్పిందీ ఆయనే. "ఎక్కడో ఒక పెట్టె పాడైతే బాగు చేయిద్దాం," అన్నారు నిదానంగా. "ఒక్క మెతుకు చూసి అన్నమంతా ఉడకలేదంటే ఎట్లా?"

"అన్నం సంగతి ఒక్క మెతుకు పట్టుకునే కదండీ తేల్చేది," అన్నారు పంతులమ్మ గారు. "పెట్టె తెరిచిందెవరు?"

మామగారిని లోపలికి పిలిచారు. ముప్పై ఏళ్ళకు పైగా మిల్లు సైరన్ల పక్కనే నిలబడి మరమ్మతులు చేసిన మనిషి. వాటికి గొంతు సర్ది సర్ది తన చెవులు పోగొట్టుకున్నారు.

"మీది ఎన్నేళ్ళ సర్వీసండీ?" అని అడిగారు పంతులమ్మ గారు.

"ఎన్నిళ్ళా? ఒకటేనమ్మా. అదీ కొడుకు పేరు మీద పెట్టేశాను."

ఫైళ్ళలో ఉన్న ఇద్దరు సభ్యులు మొదటిసారి తలెత్తారు. సైరనమ్మ మామగారి చెవి దగ్గరికి వంగి, "సర్వీసు మామయ్యా, సర్వీసు. ఎన్నేళ్ళని," అంది.

"ఓ, అదా. ముప్పై ఒకటి." ఆయన సంచిలో చెయ్యిపెట్టి జానెడు వైరు ముక్క తీసి బల్ల మీద పెట్టారు. దాని కొసకు పసుపుపచ్చ ప్లాస్టిక్ టోపీ బిగించి ఉంది. "ఇది బూరలోకి వెళ్ళాల్సిన వైరు. ఈ టోపీ కంపెనీలో పెట్టేది, రవాణాలో కొస పాడవకుండా. ఇది పీకందే వైరు బిగించడం బ్రహ్మతరం కూడా కాదు. టోపీ చూడండి, సీలు కూడా చెదరలేదు. అంటే స్తంభం పాతిన రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆ బూర ఒక్కసారైనా నోరు తెరవలేదు."

పంతులమ్మ గారు వైరు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. గోటితో టోపీని లాగి చూశారు. రాలేదు.

"దీన్ని పట్టుకుని మిగతా ముప్పై ఐదూ ఇంతేనంటారా?"

"నాకు తెలీదమ్మా," అన్నారు మామగారు. "నాకే కాదు, ఇక్కడ ఎవరికీ తెలీదు. భయం అదే."

సైరనమ్మ అందుకుంది. "ఇవాళ నిజంగా మోగిద్దాం మేడమ్. తేలిపోతుంది."

"వీల్లేదు," అన్నారు డైరెక్టరు గారు. ఆయన గొంతు మొదటిసారి పైకి లేచింది. "నువ్వప్పటికి ఇంకా చేరలేదమ్మా. ఆ వరదప్పుడు నేను వంతెన దగ్గరున్నాను. పోయినవాళ్ళను మోసినవాణ్ణి. వాళ్ళలో సగం మంది నీళ్ళలో పోలేదు, జనం కాళ్ళ కింద పోయారు. ముప్పై ఆరు చోట్ల ఒకేసారి సైరన్ మోగిస్తే ఏమవుతుందో నీకు తెలీదు."

అది అబద్ధం కాదని ఆమెకు తెలుసు. ఆయన ఎడమ మోచేయి సరిగ్గా ముడవకపోవడానికి కారణం ఆ వంతెనేనని ఆఫీసంతటికీ తెలుసు. ఆమె గొంతు తగ్గించింది, మాట మాత్రం తగ్గించలేదు.

"అప్పుడు వాళ్ళకు ఏం ముంచుకొస్తోందో తెలీదు సార్. ఎటు పోవాలో తెలీదు. ఇప్పుడు ప్రతి ఇంటికీ కరపత్రం వెళ్ళింది. మీరే రాయించారు. చూడండి ఏం రాశామో." జేబులోంచి మడత కాగితం తీసి చదివింది. "'పదకొండు గంటలకు సైరన్ మోగినట్టు భావించి గట్టు మీదికి నడవండి.' భావించి అట సార్. పిల్లలకు ఈత నేర్పడానికి నీళ్ళున్నట్టు భావించమంటామా?"

ఒక సభ్యుడు దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పంతులమ్మ గారు నవ్వలేదు. బోర్డు దగ్గరికి నడిచి, కళ్ళజోడు సర్దుకుని, పచ్చదీపాలను వరసగా చూశారు.

"నాకొకటి అర్థం కావట్లేదు. బూర మోగిందో లేదో చెప్పడానికి దీనికొక చెవి పెట్టాలని కట్టినవాళ్ళకు తోచలేదా?"

"తోచింది మేడమ్. ప్రతి బూర పక్కనా చిన్న మైకుంది. బూర మోగితే విని మనకు చెప్పాలి. నక్షాలో ఉంది, స్తంభం మీదా ఉంది. ఇక్కడ బోర్డు వెనకే ఆ లైను ఊడదీసి ఉంది. ఎవరు తీశారో, ఎందుకు తీశారో రికార్డులో లేదు. నేను చేరేటప్పటికే అంతే."

పంతులమ్మ గారు డైరెక్టరు గారి వైపు తిరిగారు.

"నేనే తీయించాను," అన్నారు డైరెక్టరు గారు.

ఆయన కుర్చీలో కూర్చుని, ముడవని మోచేతిని బల్ల మీద చాపారు. ఎవరి వంకా చూడకుండా చెప్పుకుపోయారు. "మొదటి నెలలో ఆ మైకులు పనిచేశాయి. రోజుకు కొన్ని సైరన్లను ఒక్క క్షణం మోగించి చూసేవాళ్ళం. రోజూ బోర్డు మీద ఏడెనిమిది ఎర్రదీపాలు. ఒకచోట వైరు, ఒకచోట బ్యాటరీ, ఇంకోచోట ఏమిటో తెలీదు. ఎర్రదీపం కనబడిన ప్రతిసారీ పైనుంచి ఫోను. ప్రారంభోత్సవం చేసి నెల కాలేదు, ఇదేం పని అని. మరమ్మతుకు మనుషుల్ని ఇవ్వండయ్యా అంటే ఫోను పెట్టేసేవాళ్ళు. పదకొండు ఉత్తరాలు రాశాను. పన్నెండోది రాయబోయి ఆగాను. మైకుల లైను తీయించి, పరీక్షలను మౌనానికి మార్చాను. మర్నాడు ముప్పై ఆరూ పచ్చగా వెలిగాయి. ఆ రోజు నుంచి ఎవరూ ఫోను చేయలేదు. మొదట్లో నిద్రపట్టేది కాదు. తర్వాత తర్వాత, రోజూ చూస్తూ చూస్తూ, ఆ పచ్చదీపాలను నేనూ నమ్మేశాను."

ఆయన మీద విరుచుకుపడాలని దారి పొడవునా సైరనమ్మ ఎన్ని మాటలో కూడగట్టుకుని వచ్చింది. ఒక్కటీ గుర్తురాలేదు. నీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపింది.

పంతులమ్మ గారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. "తప్పెవరిదో తేల్చే రోజు వేరే ఉంది. ఆ రోజు మిమ్మల్నీ పిలుస్తాను, ఆ ఫోన్లు పెట్టేసినవాళ్ళనూ పిలుస్తాను. ఇప్పుడు టైమెంత?"

"పది ఇరవై రెండు."

"మోగించండి. పూచీ ఎవరిదని అడుగుతారేమో, నాది." తెల్లకాగితం లాక్కుని నాలుగు గీతలు గీకి సంతకం చేశారు. ఫైళ్ళ వెనక ఉన్న ఇద్దరి ముందుకూ దాన్ని తోశారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్ళూ చేశారు. "కానీ అమ్మాయ్, మోగించాక ఏది మోగిందో ఏది మోగలేదో ఎట్లా తెలుస్తుంది? ఆ మైకులను ఈ అరగంటలో బిగించగలవా?"

"లేను మేడమ్. రెండు రోజులు పడుతుంది."

"మరి?"

సైరనమ్మ అప్పటికే ఫోను తీసింది. "మైకులు లేకపోతే మనుషులున్నారు మేడమ్. మా వదిన బస్సు డిపోలో కంట్రోలరు."

వదిన అంటే భర్తకు అక్క. లోయ రోడ్డు మీద తిరిగే ప్రతి బస్సూ ఆవిడ కనుసన్నల్లో నడుస్తుంది. డ్రైవర్లు యముడి దగ్గరికైనా రెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్తారుగానీ ఆవిడ దగ్గరికి వెళ్ళరని డిపోలో చెప్పుకుంటారు.

"ఏం మరదలా, ఈ టైములో?"

"వదినా, పదకొండింటికి లోయ రోడ్డులో నీ కండక్టర్లు ఎంతమంది ఉంటారు?"

"డ్రిల్ అని బస్సులన్నీ ఎక్కడికక్కడ స్టాపుల్లో ఆపేయమన్నారు కదా మీ వాళ్ళే. ముప్పైకి తగ్గరు. ఏం?"

"ముప్పై ఆరు స్టాపుల్లో ముప్పై ఆరు జతల చెవులు కావాలి నాకు. సైరన్లు నిజంగా మోగిస్తున్నాం. ప్రతి స్తంభం కింద ఒకళ్ళు నిలబడి, మోగిందా లేదా, ఒక్క మాట ఫోను చేసి చెప్పాలి."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. "బస్సు లేని స్టాపుల్లో టికెట్ బుకింగు వాళ్ళను పెడతాను. అయినా తక్కువైతే నా మొగుణ్ణి పంపుతాను, ఇంట్లో ఖాళీగానే ఉన్నాడు. మోగకపోతే ఏం చేస్తారు? జనం బొమ్మల్లా నిలబడాలా?"

"దానికింకా ఏమీ అనుకోలేదు వదినా."

"నేననుకున్నాలే. సైరన్ మోగని చోట నా డ్రైవర్లు హారన్ మీద చెయ్యేసి తీయరు. జనానికి చప్పుడు కావాలి, అది స్తంభం మీదనుంచి వచ్చిందా బస్సులోంచి వచ్చిందా ఎవడడిగాడు? పెట్టేయ్, నాకు పనుంది."

తర్వాతి ముప్పై ఐదు నిమిషాలు ఆ గది సంతలా మారిపోయింది. డైరెక్టరు గారు అగ్నిమాపక కేంద్రాలకు, ఆసుపత్రులకు, బడులకు స్వయంగా ఫోన్లు చేశారు. "అవునండీ, నిజంగానే మోగుతాయి. భయపడొద్దని చెప్పండి. గట్టు మీదికి నడవాలి, పరుగెత్తకూడదు," అని ప్రతి ఒక్కరికీ చెప్పిందే చెప్పారు. వంతెన ప్రస్తావన వచ్చిన చోటల్లా ఇద్దరేసి పోలీసులను రెండు కొసల్లో నిలబెట్టమన్నారు. సభ్యులిద్దరికీ లోయ పటం మీద సున్నాలు చుట్టే పని పడింది. వాళ్ళలో ఒకాయన కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. మామగారు మాత్రం సంచి భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచారు.

"ఎక్కడికి మామయ్యా?"

"ముప్పై ఆరోది మన నెత్తి మీదే ఉందిగా. డాబా మీద. దాని సంగతి నేను చూస్తా."

"మీకు వినబడదు కదా."

"స్తంభానికి అరచెయ్యి ఆనిస్తే చాలు. మోగితే ఎముకల్లోకి వస్తుంది."

పదకొండుకు రెండు నిమిషాలు. బల్ల మధ్యలో ఎర్ర మీట, దాని మీద అద్దపు మూత. మౌనం, మోత అని రెండు గుర్తులు. ఆ మొదటి నెల తర్వాత అది మౌనం దగ్గరనుంచి కదలలేదు. డైరెక్టరు గారు మూత ఎత్తి, పక్కకు జరిగి, "నువ్వే తిప్పు," అన్నారు.

సైరనమ్మ మీట మీద చెయ్యి వేసింది. గడియారం ముల్లు పన్నెండు మీదికి రాగానే మీట తిప్పింది.

బోర్డు మీద ముప్పై ఆరు దీపాలూ పచ్చగా మెరిశాయి.

అందరూ తలలెత్తి పైకప్పు వంక చూశారు. డాబా మీది సైరన్ ఇప్పుడు మోగాలి. మోగలేదు. కింద వీధిలో సైకిలు గంట వినిపించింది. ఎక్కడో కిటికీ రెక్క కొట్టుకుంది. దేశానికే నమూనా అనుకున్న కేంద్రం, తన డాబా మీది సైరన్నే మోగించలేకపోయింది.

అప్పుడు చాలా దూరంనుంచి, మార్కెట్ వైపు, సన్నగా మొదలై ఊపందుకుంటూ ఒక కూత లేచింది. దానికి జవాబిచ్చినట్టు రైల్వే గేటు దగ్గర ఇంకొకటి. కిటికీ అద్దాలు కంపించాయి. పంతులమ్మ గారు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. ఫోను మోగింది.

"పదిహేడు. మోగుతోంది మేడమ్, చెవులు చిల్లులు పడుతున్నాయి."

"ఇరవై రెండు. లేదండీ. ఉలుకూ పలుకూ లేదు. మా డ్రైవరు హారన్ కొడుతున్నాడు."

"తొమ్మిది మోగింది."

"పన్నెండు లేదు. ఆగండి, ఏదో గురకలా వస్తోంది. ఆగిపోయింది. లేదని రాసుకోండి."

ఒక ఫోను సరిపోలేదు. నాలుగు ఫోన్లు, నాలుగు చేతులు. మోగిన చోట పచ్చ సున్నా, మోగని చోట ఎర్ర సున్నా. కోటు విప్పిన సభ్యుడు చేతులకు రెండు రంగులూ పూసుకుని, "ఇరవై ఏడు ఎవరు చెప్పారు? గట్టిగా చెప్పండయ్యా," అని అరుస్తున్నాడు. ఎర్ర సున్నాలు పెరుగుతున్నాయి. అయినా గదిలో ఎవరికీ దిగులు పడే తీరిక లేదు. సైరన్ మోగని ఊళ్ళనుంచి కూడా జనం కదిలారన్న కబుర్లు వస్తున్నాయి. ఒక ఊళ్ళో మూడు బస్సులు ఏకధాటిగా హారన్ మోగిస్తే బడి పిల్లలు జతలుగా చేతులు పట్టుకుని పదకొండు నిమిషాల్లో గట్టెక్కారు. ఇంకో ఊళ్ళో కదలలేని ముసలావిణ్ణి కుర్చీతో సహా నలుగురు ఎత్తుకుపోయారు. దారిలో ఆవిడ ముఖం వాచేట్టు చీవాట్లు పెట్టిందట, మెల్లగా నడవమని కాదు, ఇంకా త్వరగా నడవమని.

"వంతెన?" అన్నారు డైరెక్టరు గారు, నాలుగోసారి.

సైరనమ్మ ఫోను చెవికి ఆనించుకునే చెప్పింది. "దాటేశారు సార్. అందరూ. ఒక చెప్పు తప్ప ఏమీ తెగలేదట."

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

సరిగ్గా ఆ సమయంలో నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. డాబా సైరన్ ఒక్కసారిగా అందుకుంది. కాఫీ కప్పులు సాసర్లలో గలగలలాడాయి. పంతులమ్మ గారి పెన్ను ఎగిరి కింద పడింది. నిమిషం తర్వాత మామగారు మోకాళ్ళ నిండా దుమ్ముతో మెట్లు దిగి వచ్చి, గుప్పెట్లోంచి పసుపుపచ్చ టోపీ తీసి బల్ల మీద పెట్టారు.

"దీనిదీ అదే రోగం," అన్నారు. "పీకి బిగించా. మోగిందా?"

సైరనమ్మ ఆయన భుజం మీద చెయ్యేసి తల గట్టిగా ఊపింది. ఆమె కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది.

పదకొండు నలభైకి మీట మౌనానికి తిప్పారు. డ్రిల్ ముగిసింది, ఇళ్ళకు వెళ్ళవచ్చని అన్ని ఊళ్ళకూ కబురు వెళ్ళింది. పటం ముందు ఆరుగురూ వరసగా నిలబడ్డారు. డాబా మీద ఉన్నదానితో కలిపి మోగినవి పద్నాలుగు. మోగనివి ఇరవై ఒకటి.

"పద్నాలుగు," అన్నారు పంతులమ్మ గారు. "పొద్దున కాఫీ తాగేటప్పుడు ముప్పై ఆరు ఉండేవి నా దగ్గర. నాకు ఈ పద్నాలుగే నచ్చాయి, ఇవి నిజం." సభ్యుల వైపు తిరిగారు. "చట్టంలో రాసుకోండి. దేశంలో ఎక్కడైనా సరే, చప్పుడు చేయని పరీక్ష పరీక్షే కాదు. ప్రతి స్తంభం కింద ఆ ఊరి మనుషులు నిలబడి విని సంతకం పెట్టాలి. ఎర్రదీపం చూపించిన అధికారికి చీవాట్లు పెట్టినవాడి మీద ముందు చర్య. రేపు దేశంలోని నాలుగు వందల పైచిలుకు సైరన్లూ ఇలాగే మోగించాలి. ఆ ఫోన్లు ఎవరు చేస్తారు?"

"నేను చేస్తాను," అన్నారు డైరెక్టరు గారు. "నా బోర్డు ఎట్లా అబద్ధమాడిందో కూడా నేనే చెబుతాను. అప్పుడు వాళ్ళూ తమ బోర్డుల వెనక చూసుకుంటారు."

సైరనమ్మ పటం మీది సున్నాలను మళ్ళీ లెక్కపెట్టింది. పద్నాలుగు, ఇరవై ఒకటి. ముప్పై ఐదే వస్తోంది. వేలితో ఏటి పొడవునా పైకి వెళ్ళింది. ఎగువన కొండల అంచున మొదటి ఊరు. దాని చుట్టూ ఏ సున్నా లేదు.

"ఒకటో నంబరునుంచి ఫోను రాలేదు."

వదిన దగ్గర నంబరు తీసుకుని చేసింది. మూడుసార్లు పలకలేదు. నాలుగోసారి ఒక ఆడగొంతు, పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతోంది.

"కండక్టర్ని మేడమ్. సైరన్ మోగలేదు ఇక్కడ. మేము హారన్ కొట్టాం, జనం గుట్ట ఎక్కారు. మీకు ఫోను చేద్దామంటే ఇప్పటిదాకా సిగ్నల్ లేదు. డ్రిల్ అయిపోయిందని పోలీసు వైర్‌లెస్‌లో కబురొచ్చి దండోరా వేశారు కదా, అందరూ దిగిపోతున్నారు. కానీ మేడమ్, ఏట్లో నీళ్ళు లేవు."

"నీళ్ళు లేకపోవడమేంటి? వారం రోజులుగా కొండల్లో వాన పడుతూనే ఉంది కదా."

"అదే నాకూ అర్థం కావట్లేదు. పొద్దున మేం వచ్చేటప్పుడు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. అరగంటనుంచి తగ్గిపోతూ వచ్చింది. ఇప్పుడు అడుగున రాళ్ళు కనబడుతున్నాయి."

సైరనమ్మ ఆ మాటను గట్టిగా, అందరికీ వినబడేలా పైకి అంది. మామగారు ఆమె పెదవుల వంకే చూస్తున్నారు. ఆయన చేతిలోని సంచి జారి కింద పడింది. ఆయన వంగి తీసుకోలేదు.

"వానల్లో ఏరు ఎండదమ్మాయ్," అన్నారు. "పైన ఎక్కడో కొండచరియ విరిగి ఏటికి అడ్డం పడుంటుంది. నీళ్ళు దాని వెనక నిండుతున్నాయి. ఆ మట్టికట్ట ఎంతసేపు ఆగితే మనకు అంతే టైము. అది తెగిందంటే తొమ్మిదేళ్ళ కిందట వచ్చింది దీనిముందు పిల్లకాలవ."

ఫోనులో కండక్టరు గొంతు వెనక పిల్లల కేరింతలు వినిపిస్తున్నాయి.

"ఆ అరుపులేంటమ్మా?" అని అడిగింది సైరనమ్మ.

"పిల్లలు మేడమ్. పెద్దవాళ్ళు కూడా. ఏటి మధ్యలోకి దిగి గుంటల్లో కొట్టుకుంటున్న చేపలు ఏరుకుంటున్నారు. రెండొందల మంది ఉంటారు. ఇది కూడా డ్రిల్లో భాగమేనా అని నన్నడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?"